తార్నాకలో బాలింత కుక్క

1960ల నడుమ హైదరాబాద్ తార్నాకలోని ఒక ప్రయోగశాలలో కొన్ని కుక్కలకు జొన్నలనే ప్రధానమైన తిండిగా పెట్టారు. కొంతకాలానికి వాటికి నల్లనాలుక జబ్బు వచ్చింది. ఈ జబ్బులో కుక్క నోరు పుండవుతుంది, నాలుక నల్లబడుతుంది, ముద్ద ముట్టదు. పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. భవానీ బెలవాడి, సి. గోపాలన్ ఈ ఫలితాన్ని 1965లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించారు. రెండేళ్ల తర్వాత బెలవాడి బృందం ఈసారి కుక్కపిల్లల మీద ఇంకో ప్రయోగం వివరాలు వెల్లడించింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తిండిలో కలిపితే చాలు, అదే జబ్బు వచ్చింది.

ఆ ప్రయోగశాలే ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడివారు వెతుకుతున్న జవాబు మాత్రం మనుషుల కోసం. జొన్నరొట్టె, గట్క తప్ప వేరే తిండి దొరకని దక్కన్ పేదలకు పెల్లాగ్రా వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం కమిలి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చెడేది. అమెరికాలో, ఐరోపాలో ఇది మొక్కజొన్న తినేవారి జబ్బుగా పేరుపడింది. మరి జొన్న తినేవారికి ఎందుకొస్తున్నట్టు? 1937లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెజెమ్ బృందం నల్లనాలుక పట్టిన కుక్కలకు నికోటినిక్ ఆమ్లం అనే విటమిన్ ఇచ్చి నయం చేసింది. మనిషికొచ్చే పెల్లాగ్రా కూడా అదే విటమిన్ లోపం కాబట్టి, దాన్ని అర్థం చేసుకోవాలంటే శాస్త్రవేత్తలు కుక్క దగ్గరికే వెళ్లారు. తార్నాక వాళ్లూ వెళ్లారు. లూసిన్ వాదాన్ని అన్ని దేశాల పరిశోధకులూ ఒప్పుకోలేదు. అయినా లూసిన్ తక్కువగా ఉండే జొన్న రకాల మీదికి చూపు మళ్లింది ఆ పరిశోధన వల్లే.

పేదవాడి పళ్లెంలో ఏం లోపించిందో తెలుసుకోవడానికి తార్నాకలో కుక్కపిల్లలు జబ్బు పడ్డాయన్నది చాలామందికి తెలియని చరిత్ర. ఈ పేటకూ, దాన్ని ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ కుక్కజాతితో ఉన్న బంధాన్ని ఇక్కడి నుంచే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ బంధంలో కుక్కలే ముందు ఇచ్చాయి.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. నీలగిరుల్లోని కూనూర్‌లో 1907లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. పిచ్చికుక్క కరిచినవారికి వైద్యం చేయడం దాని పని. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అదే ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. పోషకాహార సంస్థకు ఆ గదే పుట్టిల్లు. సరిగ్గా అదే ఏడు హైదరాబాద్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరిట విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1939 డిసెంబర్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనానికి ప్రారంభోత్సవం జరిగింది. 1958లో కూనూర్ సంస్థ హైదరాబాద్‌కు తరలివచ్చి, జామై ఉస్మానియా రైల్వేస్టేషన్‌కు దగ్గర్లో, విశ్వవిద్యాలయం పక్కనే స్థిరపడింది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. పశువైద్య కళాశాల కూడా 1946లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందే పుట్టింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి పోయింది.

బెలవాడి గురించి ఇంకో మాట చెప్పాలి. నల్లనాలుక ప్రయోగాలకు ముందే, 1959లో, ఆమె గోపాలన్‌తో కలిసి పేద భారతీయ తల్లుల చనుబాలలో ఏముంటుందో పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. అర్ధాకలితో ఉన్న తల్లి పాలలో కూడా మాంసకృత్తులు పెద్దగా తగ్గవు, విటమిన్లు మాత్రం తగ్గుతాయి. తల్లి తన ఒంట్లోంచి తీసి బిడ్డకిస్తుంది, తాను చిక్కిపోతుంది. హాస్టల్ వెనక కల్వర్టులో ఈనిన కుక్కను చూసినవారికి ఈ విషయం ప్రయోగశాల లేకుండానే తెలుస్తుంది. పిల్లలు గుండ్రంగా ఉంటాయి, తల్లి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

ఉస్మానియాలో కుక్క ఈనడానికి అనువైన చోట్లు ఎన్నో. బండరాళ్ల సందులు, ముళ్లపొదలు, పాత క్వార్టర్ల మెట్ల కింద, మెస్సుల వెనక. ఊరకుక్కలు మనదేశంలో ఎక్కువగా వానాకాలం వెళ్లాక, చలికాలంలో ఈనుతాయి. కోల్‌కతా ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లలను వెంబడించి గమనించి, 2016లో ఫలితాలు ప్రకటించింది. ఏడు నెలల వయసుకు బతికి బట్టకట్టినవి నూటికి 19 మాత్రమే. చావుల్లో నూటికి 63కు ఏదో ఒక విధంగా మనుషులే కారణం. వాహనాలు, విషం, దెబ్బలు, ఎత్తుకుపోవడాలు. తార్నాక చౌరస్తాలో సిటీ బస్సుల రద్దీ చూసినవారికి ఈ అంకెలు ఆశ్చర్యం కలిగించవు.

మరి మనవాళ్లు ఏం చేసేవారు? పల్లెల్లో, బస్తీల్లో ఈనిన కుక్కకు పిల్లలు నాలుగు ఇటుకలు పేర్చి, పైన రేకు వేసి, కింద గోనెసంచి పరిచేవారు. ఇంటి ఆడవాళ్లు గంజి, మిగిలిన సంకటి, బెల్లం నీళ్లు పోసేవారు. బాలింత అన్న మాటను కుక్కకు కూడా వాడేవారు, ఆ మాటతో పాటు వచ్చే జాగ్రత్తనూ ఇచ్చేవారు. “దాని దగ్గరికి పోవద్దు, ఈనిన కుక్క కరుస్తుంది” అని పిల్లలను హెచ్చరించేవారు. ఆ హెచ్చరికలో భయంతో పాటు తల్లి మీద గౌరవం కూడా ఉండేది. తెలంగాణలో మల్లన్నను కొలిచేవారికి కుక్క దేవుడి వెంట నడిచే జీవం. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే తల్లికుక్క ఉంది. ఆమె కొడుకును జనమేజయుడి తమ్ముళ్లు తప్పు లేకుండా కొట్టారు. ఆమె నేరుగా రాజు దగ్గరికి వెళ్లి నిలదీసింది, అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించింది. రాజు ఆ మాటకు కలతపడి పురోహితుడిని వెతుక్కుంటూ బయల్దేరాడు. మహాభారత కథలోకి తెలుగు పాఠకుడు అడుగుపెట్టగానే వినిపించే తొలి ఫిర్యాదుల్లో ఇది ఒకటి.

నగరాల తీరు వేరు. దశాబ్దాలపాటు మునిసిపాలిటీలకు తెలిసిన దారి ఒక్కటే, పట్టి చంపడం. ఎన్ని చంపినా వీధులు ఖాళీ కాలేదు. చోటూ చెత్తకుప్పల తిండీ అలాగే ఉంటే, కొత్త కుక్కలు వచ్చి ఆ చోటు పట్టుకుంటాయి. మద్రాసులో బ్లూ క్రాస్ స్థాపకుడు కెప్టెన్ వి. సుందరం కుటుంబం దీనికి బదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా, తిరిగి వదలడం అనే పద్ధతి కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టింది. 1992లో అమల అక్కినేని హైదరాబాద్ బ్లూ క్రాస్ ప్రారంభించారు. 2001లో కేంద్రం ఇదే పద్ధతితో జంతు జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి.

అయితే భయం కూడా నిజమే. 2023 ఫిబ్రవరిలో ప్రాంగణానికి కూతవేటు దూరంలోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాయి. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు జంతుప్రేమ పేరుతో చెప్పే ఏ మాటా నిలవదు. పక్కనే నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రికి కుక్కకాటుతో వచ్చేవారు ఎందరో. గొర్రె మెదడుతో చేసిన పాత రేబిస్ టీకాను బొడ్డు చుట్టూ వేయించుకున్నవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆ టీకా వాడకం దేశంలో ఆగి ఇరవయ్యేళ్లే అయింది. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి వీధికుక్కలను తీసేయాలని, తీసుకెళ్లినవాటిని మళ్లీ అక్కడే వదలకూడదని ఆదేశించింది. అంత పెద్ద ప్రాంగణంలో, నాలుగువైపులా బస్తీలూ రోడ్లూ ఉన్నచోట, ఇది చెప్పినంత తేలిక కాదు. తల్లిని పట్టుకెళ్లి పాలు తాగే పిల్లలను వదిలేస్తే అవి బతకడం కష్టం.

కుక్కపిల్ల కళ్లు, చెవులు మూసుకుని పుడుతుంది. పది, పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తుంది. మొదటి రెండు వారాలు తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి నాకితేనే మూత్రం పోస్తుంది. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలు తర్వాత ఎన్ని పాలు పట్టినా భర్తీ కావు. దయతో పట్టే ఆవుపాలు కూనలకు సరిపోవు. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాల కంటే రెట్టింపుకు పైగా ఉంటాయి, లాక్టోస్ తక్కువ. నీళ్లు కలిపి పడితే విరేచనాలతో పాటు నీరసం కూడా. అందుకే పిల్లలకు పాలు పట్టడం కంటే తల్లికి తిండి పెట్టడం మేలు. మూడు, నాలుగు వారాలకు దాని ఆకలి మామూలుకు రెండు, మూడు రెట్లవుతుంది. అన్నంలో ఉడికించిన గుడ్డు, కోడి మాంసం కలిపి పెట్టాలి. దగ్గర్లో నీళ్ల గిన్నె ఉంచాలి, ఉప్పూకారం వద్దు. ఒట్టి జొన్న గట్క ఎందుకు చాలదో తార్నాక ప్రయోగాలు ఏనాడో చూపించాయి.

రెండో వారం నుంచే పిల్లలకు నులిపురుగుల మందు వేయాలి. తల్లి కడుపులో ఉండగానే, ఆ తర్వాత తల్లి పాల ద్వారా కూడా ఆ పురుగులు వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో టీకా, మూడో నెలలో రేబిస్ టీకా. పిల్లలు పూర్తిగా పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేయిస్తే, మరుసటి చలికాలానికి ఆ కల్వర్టు కింద కొత్త ఈత ఉండదు.