పక్కింటి అబ్బాయి గడ్డం

మా పక్కింటావిడ కొడుకు ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని నున్నగా గడ్డం గీసుకున్నాడు. మూడో రోజుకి మెడంతా బొడిపెలు, కొన్నిట్లో చీము. మొటిమలే అనుకుని, పసుపూ శనగపిండీ కలిపి రాయమని చెప్పబోయాను. అట్లాంటాకొచ్చి ఇన్నేళ్ళయినా నా వైద్యం మారలేదు! ఆవిడ నవ్వి, "ఇవి మొటిమలు కావు. మా ఆయనకీ ఇంతే, మా మామగారికీ ఇంతే" అంది.

ఉంగరాల వెంట్రుక చర్మం లోపలే వంపు తిరిగి ఉంటుందట. నున్నగా గీస్తే కొన సూదిలా తయారై, పెరుగుతూ పెరుగుతూ మళ్ళీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒంట్లో ముల్లు దిగినట్టే. నల్లజాతి మగవాళ్ళలో సుమారు సగం మందికి, కొందరు డాక్టర్ల లెక్కలో ఇంకా ఎక్కువ మందికి, ఈ బాధ ఉంది.

ఆ సాయంత్రమే కూర్చుని దీని సంగతులు చదవడం మొదలుపెట్టాను. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు ముసుగు ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలని సిపాయిలందరికీ నున్నటి గడ్డం నియమమైంది. జిల్లెట్ కంపెనీ అమెరికా సైన్యానికి 35 లక్షల రేజర్లు ఇచ్చింది. యుద్ధం అయిపోయింది గానీ అలవాటు ఆఫీసులకీ పాకింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం మా ఊరి కథే. 1858లో బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ ఇక్కడి పీచ్‌ట్రీ వీధిలో షాండ్లియర్లు వేలాడే క్షౌరశాల నడిపి, ఊళ్ళో నల్లవాళ్ళందరిలోకీ ధనవంతుడయ్యాడు. పనివాళ్ళందరూ నల్లవాళ్ళే. కుర్చీలో కూర్చునేది మాత్రం తెల్లవాళ్ళు. అంత చెయ్యి తిరిగిన మంగలి కూడా అక్కడ తనలాంటివాడి గడ్డం గీయడానికి లేదు!

ఇళ్ళల్లో మగవాళ్ళు పొడి వాడేవారు. నీళ్ళలో కలిపి పూసి, కొద్ది నిమిషాల్లో గీకేస్తే వెంట్రుక కరిగి వస్తుంది, కొన మొద్దుగా ఉంటుంది. కుళ్ళిన గుడ్ల కంపు. కాస్త ఆలస్యమైతే చర్మం కాలుతుంది. "మా మామగారు పూసుకుంటే ఇల్లంతా కిటికీలు తెరిచేవాళ్ళం" అంది పక్కింటావిడ.

1982లో అట్లాంటా అగ్నిమాపక శాఖ ఇలాంటి వాళ్ళని పొట్టి గడ్డం ఉంచుకోనిచ్చింది. 1988లో కుదరదంది. పన్నెండు మంది నల్లజాతి ఉద్యోగులు కోర్టుకెళ్ళి 1993లో ఓడిపోయారు. పొగలో ముసుగు సరిగ్గా అతకాలి కదా అన్నారు జడ్జీలు. సరే, ప్రాణాల మాట, ఒప్పుకుంటాను. అదే ఏడాది నెబ్రాస్కాలో ఒక పిజ్జా కంపెనీ ఇలాంటి నియమంతోనే మరో కోర్టులో ఓడిపోయింది. పిజ్జా పెట్టె గుమ్మంలో అందించడానికి ముసుగెందుకు మరి!

2025లో అమెరికా రక్షణ శాఖ, ఏడాదికి మించి చికిత్స చేసినా గడ్డం గీయలేని సిపాయిలని పంపించేయమంది.

అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళతో మెత్తబరిచి, చర్మం లాగకుండా, ట్రిమ్మరుతో మిల్లీమీటరు వదిలి కత్తిరించుకుంటున్నాడు. మెడ నున్నబడింది, నల్లమచ్చలు మాత్రం ఇంకా పోలేదు. ఆ మిల్లీమీటరుకి డాక్టరు చీటీ తెమ్మన్నారట. వాళ్ళమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి పెట్టింది.