బందరు హార్మోనియం, మాచునూరు మైకు

1940 మార్చి 1న అఖిల భారత రేడియో హార్మోనియానికి తలుపు మూసేసింది. గమకం పలకదు, శ్రుతులు ముందే బిగించి ఉంటాయి, పైగా విదేశీ వాద్యం అన్నవి దాని మీద మోపిన నేరాలు. అప్పటి రేడియో అధిపతి లయొనెల్ ఫీల్డెన్ హయాంలో మొదలైన ఆ వెలి 1970ల ఆరంభం దాకా సాగింది. సంగీత శాస్త్రం తెలిసినవాళ్లకు ఆ వాదనలో సబబు కనిపించవచ్చు. కానీ బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో పాట అంటేనే హార్మోనియం. భజన మందిరంలో మూలనుండేది అదే. హరిదాసు పక్కన శ్రుతి పట్టేది అదే. పద్య నాటకంలో రాయబారం సీను రక్తి కట్టాలంటే, నటుడు రాగం ఎత్తుకోగానే వెంట ఉరికేదీ అదే.

రేడియో ఊళ్లోకి వచ్చిన తొలినాళ్లలో ఊళ్లోని వాద్యానికి రేడియోలో చోటు లేదన్నమాట.

ఈ కృష్ణా డెల్టాలో పాటకు టిక్కెట్టు పెట్టడం ఆలస్యంగా వచ్చిన అలవాటు. శ్రీరామనవమి పందిట్లో, సప్తాహంలో, శనివారం భజనలో పాడేవాళ్లు పగలు వేరే పని చేసుకునేవాళ్లే. ఎవరో పెద్దరైతు పందిరి వేయిస్తాడు, ఇంకొకరు కిరసనాయిలు పోయిస్తారు, పానకం మరొకరి వంతు. పాడేవాళ్లు పాడతారు. విద్య నేర్పడమూ ఇదే తీరు. దివిసీమలో కృష్ణ ఒడ్డున ఉన్న పెదకళ్లేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఇల్లే గురుకులం. త్యాగరాజ శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకుని వచ్చిన శాస్త్రి ఆ పాఠాన్ని ఇక్కడి పిల్లలకు చెప్పారు. వాళ్లలో ఒకరు, పాత దివి తాలూకా శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన బెజవాడలో చెప్పిన పాఠంలోంచి మంగళంపల్లి బాలమురళీకృష్ణ వచ్చారు. త్యాగరాజు ఊరు తిరువయ్యారు నుంచి బెజవాడ వరకు ఐదు తరాలు. దారిలో ఉన్నది దివిసీమలోని ఒక చిన్న పల్లెటూరు.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుకు తొలి వేదిక తండ్రి సూరయ్య వెళ్లే భజనలే. సూరయ్య నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు, పిల్లవాణ్ని వెంట తీసుకువెళ్లేవారు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చదువుకుని, మద్రాసు చేరి, సినిమా పాట కంటే ముందు రేడియోలో కూడా గొంతు వినిపించుకున్నారు.

బందరులో కథ ఇంకో రకం. 1902లో మొదలైన కృష్ణాపత్రిక ఆఫీసులో, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో, సాయంత్రాలు దర్బారు జరిగేది. కవులు, గాయకులు, వకీళ్లు, స్వాతంత్ర్య యోధులు అక్కడ కూడేవారు. వకీలుగా పేరున్న హరి నాగభూషణం వయొలిన్ పట్టుకుంటే ఊరు వినేది. ఆ దర్బారుకు వచ్చినవాళ్లు పారితోషికం కోసం రాలేదు. వినేవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చారు.

తమాషా ఏమిటంటే, దక్షిణాదిన రేడియో కూడా ఇలాంటి ఉచిత సరదాగానే మొదలైంది. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి శెట్టి పూనుకుని ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టారు. 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ఆ ఏడాది జులై 31న ప్రసారం మొదలుపెట్టి సంగీతం, ప్రసంగాలు వినిపించారు. బందరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. క్లబ్బు సభ్యులు ఇష్టంతో నడిపారు, చందాలతో నడిపారు. డబ్బు చాలక 1927లో ఆపేశారు. మిగిలిన ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు ఇస్తే, కార్పొరేషన్ 1930లో మళ్లీ ప్రసారాలు మొదలుపెట్టింది. 1938లో ఆకాశవాణి మద్రాసు కేంద్రం వచ్చాక ఆ ముచ్చటా ముగిసింది. ఇష్టపడ్డవాళ్ల చేతిలోని మైకు ఉద్యోగుల చేతికి వెళ్లింది.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. దీని వల్ల డెల్టాకు కలిగిన మేలు చిన్నది కాదు. బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, బాలమురళీకృష్ణ లాంటివాళ్లు ఒకే ప్రాంగణంలో పనిచేశారు. పొద్దున్నే వచ్చే ‘భక్తిరంజని’ విని పళ్లు తోముకున్న ఇళ్లు ఎన్నో. లలిత గీతం అనే తీరు ఇంటింటికీ చేరింది ఈ కేంద్రాల నుంచే. గ్రామస్థుల కార్యక్రమం పంచాయతీ రేడియో దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టింది.

అయితే స్టూడియోలోకి వెళ్లేందుకు ఒక గుమ్మం ఉండేది. ఆడిషన్. శాస్త్రీయ సంగీతానికి గ్రేడు, లలిత సంగీతానికి గ్రేడు, జానపదానికి ఎంపిక. నెగ్గినవాడు కళాకారుడు, నెగ్గనివాడు శ్రోత. పాట ఎంచుకునేదీ, దానికి ముందు నాలుగు మాటలు చెప్పేదీ కేంద్రం మనిషే. ఊరి భజన గురువు తన ఊరివాళ్లకు తనే పాటను పరిచయం చేసి పాడుకునే వీలు అందులో లేదు. హార్మోనియం సరేసరి.

విజయవాడ కేంద్రం మొదలైన నాలుగున్నర నెలలకు, 1949 ఏప్రిల్ 15న, అమెరికాలోని బర్క్‌లీలో కె.పి.ఎఫ్.ఎ. అనే స్టేషన్ గాలిలోకి వచ్చింది. యుద్ధాన్ని వ్యతిరేకించిన లూయిస్ హిల్, ఆయన మిత్రులు దాన్ని పెట్టారు. ప్రకటనలు లేవు, ప్రభుత్వం సొమ్ము లేదు; వినేవాళ్లు కట్టే చందాలే ఆదరువు. తన దగ్గరున్న రికార్డులు సంచిలో వేసుకొచ్చి, వారానికో గంట మైకు ముందు కూర్చుని, జీతం లేకుండా పాటలు వినిపించే వ్యాఖ్యాత అనే మనిషి అలాంటి స్టేషన్లలోంచే ప్రపంచానికి పరిచయమయ్యాడు. మద్రాసు క్లబ్బు ఇరవై రెండేళ్ల ముందు వదిలేసిన దారి అది.

మన దగ్గర గుమ్మం ఇంకాస్త ఎత్తు పెరిగింది. 1952లో సమాచార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాట మీద కన్నెర్ర చేశారు. ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గి, దాదాపు మాయమయ్యాయి. శ్రోత ఊరుకోలేదు, ముల్లు తిప్పాడు. రేడియో సిలోన్ దొరికింది. అక్కడ తెలుగు సినిమా పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు ఆనాటి తెలుగు శ్రోతలకు ఇంటి మనిషి గొంతు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టక తప్పలేదు. అప్పటికీ శ్రోత పని కార్డు ముక్క మీద కోరిక రాసి, పేరు చదువుతారేమోనని చెవి ఒగ్గి కూర్చోవడమే.

ఊళ్లలో మాత్రం ఎవరి అనుమతీ లేని ప్రసారం ఒకటి సాగుతూనే ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు. తిరుప్పావై ఎవరు చదవాలి, ఏ రికార్డు వేయాలి, మధ్యలో పొలానికి నీళ్లు వదులుతున్న కబురు ఎవరు చెప్పాలి, అన్నీ ఊళ్లోనే తేలేవి. దాని అందుబాటు రెండు మూడు వీధులు. కమ్యూనిటీ రేడియో అనేది అదే పనిని చట్టం ఒప్పుకున్న పద్ధతిలో పది, పదిహేను కిలోమీటర్ల మేర చేస్తుంది.

చట్టం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారాల వివాదం మీద సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. మాట తేలినా చేత తేలలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో మహిళా సంఘాలు 2002లో ‘మన రేడియో’ మొదలుపెడితే, లైసెన్సు లేదని కొద్ది నెలలకే మూయించారు. తర్వాత ప్రభుత్వం ముందు కళాశాలలకు తలుపు తీసింది; 2004లో చెన్నైలో అన్నా ఎఫ్.ఎం. వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి 2006 నవంబరులో దక్కింది.

తెలుగు నేల మీద ఆ అనుమతిని ముందుగా అందుకున్నది నీళ్లూ పేరూ ఉన్న డెల్టా కాదు. జహీరాబాద్ దగ్గరి ఎర్ర నేలల్లోని మాచునూరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు అప్పటికి పదేళ్లుగా టేపుల మీద కార్యక్రమాలు రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో వినిపించుకుంటున్నారు. స్టూడియో ఉంది, మనుషులున్నారు, లైసెన్సే లేదు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల దినాన, సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద పలికింది. ప్రారంభించింది ఆనాటి తీర్పు రాసిన జస్టిస్ సావంతే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ స్టూడియో బాధ్యత చూశారు. సాయంత్రం రెండు గంటలు. చుట్టూ దాదాపు 100 ఊళ్లు. విత్తనాల ముచ్చట, బతుకమ్మ పాట, విసుర్రాయి పాట, భజన. పాడినామెది పక్క ఊరు, పరిచయం చేసినామెదీ పక్క ఊరే. మాట కూడా అక్కడి మాటే, దిద్దుబాటు లేకుండా.

ఎందుకు అక్కడ, ఎందుకు ఇక్కడ కాదు? బందరుకు విజయవాడ కేంద్రం నలభై మైళ్ల దూరంలో ఉంది. అందులో వినిపించే తెలుగు డెల్టా తెలుగుకు చుట్టమే. పాడేవాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే. రేడియో తమది కాదన్న బాధ డెల్టా పెద్దలకు కలగలేదు. మాచునూరు ఆడవాళ్లకు ఏ కేంద్రంలోనూ తమ మాట వినబడలేదు. ఆ లోటే వాళ్ల చేత స్టూడియో కట్టించింది. డెల్టాలోనూ ఆ లోటు ఉన్నవాళ్లున్నారు: నాట్లు వేస్తూ పాడే కూలి ఆడవాళ్లు, సముద్రం మీదికి వెళ్లే పల్లెకారులు. వాళ్ల పేరున దర్బారు జరగలేదు.

పల్లెకారుల సంగతికి వస్తే, 1977 నవంబరు 19 గుర్తొస్తుంది. ఆ ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. హెచ్చరిక రేడియోలో ఉన్నంత మాత్రాన గుడిసె దాకా చేరినట్టు కాదని ఆ రాత్రి తెలిసింది. సముద్రపు ఒడ్డున కమ్యూనిటీ రేడియో చేసే పని ఇక్కడే భిన్నం. తమిళనాడులో నాగపట్నం దగ్గర విళుందమావడిలో సునామీ తర్వాత కళంజియం రేడియో వచ్చింది. పాంబన్‌లో 2016లో మొదలైన కడల్ ఓసై మత్స్యకారుల స్టేషన్; పాటల మధ్యలోనే గాలి, అల ఎలా ఉన్నాయో చెబుతుంది. ఒడిశా కోణార్క్‌లో రేడియో నమస్కార్ తుపాను తీరంలోనే పనిచేస్తోంది. రోజూ పాటలు వినిపించే గొంతు హఠాత్తుగా ‘ఇళ్లు వదలండి’ అంటే జనం లేస్తారు. పరిచయం లేని గొంతు అదే మాట చెబితే సందేహిస్తారు. పాటల కార్యక్రమం వినోదంగానే మొదలైనా, నమ్మకం పుట్టేది అందులోనే.

ఇలాంటి స్టేషన్లు దేశంలో 2024 నాటికి దాదాపు 500. డెల్టాకు పక్కనే, కొల్లేటికి అవతల, భీమవరంలోని విష్ణు ఇంజనీరింగ్ కళాశాల రేడియో విష్ణు నడుపుతోంది. నియమాలు కష్టమైనవేం కావు. ట్రాన్స్‌మిటర్ శక్తి సాధారణంగా 100 వాట్లకు మించకూడదు, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి, సొంత వార్తలు చదవకూడదు. సినిమా పాట వేయాలంటే హక్కుదారులకు రుసుము కట్టాలి. చిన్న స్టేషన్ జేబుకు అది భారం. అందుకే స్థానిక పాట మీద మొగ్గు అవసరం కొద్దీ వస్తుంది. డెల్టాకు ఆ కొరత లేదు: మొవ్వ క్షేత్రయ్య పదం, కూచిపూడి దరువు, భజన మందిరాల తరంగం, పద్య నాటకం, పొలం పాట. వీటిలో చాలావాటికి హక్కుదారు ఎవరని అడిగితే ఊరి పేరు చెప్పాలి.

దరఖాస్తుకు అర్హుల్లో ముఖ్యులు: మూడేళ్లు నిండిన స్వచ్ఛంద సంస్థ, విద్యాసంస్థ, కృషి విజ్ఞాన కేంద్రం. పాత దివి తాలూకాలోని ఘంటసాల గ్రామంలో ఒక కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, బందరులో కళాశాలలున్నాయి, గుడివాడ చుట్టుపక్కల ఏటా పద్య నాటకాలు ఆడించే కళాసమితులున్నాయి. హార్మోనియం మీద నిషేధమూ ఎప్పుడో సడలింది.