తిమింగలం - వంటశాల - ప్రయోగశాల

వరికి దోమపోటు తగిలితే చేలో గుండ్రని మచ్చలుగా పైరు ఎండిపోతుంది. కృష్ణా మెట్ట ప్రాంతంలో వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపట్ల వరి పండించే రైతులకు ఈ తెగులు కొత్త కాదు. 1732లో పశ్చిమ జపానులో ఈ కుటుంబానికి చెందిన పురుగులే వరిని నాశనం చేయగా గొప్ప కరువు వచ్చింది. అటుతర్వాత అక్కడి రైతులు చేలో నీరు నిలిపి, దానిమీద తిమింగలపు నూనె పలచగా పోసి, దుబ్బులను దులిపే పద్ధతి విరివిగా పాటించారు. నూనెపొరపై పడిన పురుగు ఊపిరాడక చచ్చేది. సముద్రంలోని మహాజంతువు పొలంలోని అల్పకీటకానికి విరుగుడయింది. జపాను జీవితంలో తిమింగలానికి ఎటువంటి స్థానం ఉండేదో దీనివల్ల ఊహించవచ్చును.

తిమి అంటే పెద్ద చేప. ఆ తిమిని కూడ మింగగలది తిమింగిలం, తెలుగులో తిమింగలం. పేరు పెట్టిన మన పూర్వులు దానిని చేపగానే ఎంచారు. జపాను లిపిలో తిమింగలాన్ని తెలిపే అక్షరంలో కూడ చేప గుర్తు ఉన్నది. నిజానికి అది ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లను కని పాలిచ్చే క్షీరదం. ఐతే ఈ పొరపాటు జపానువారి వంటశాలకు కలిసివచ్చింది. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఏటా కొన్ని నెలలపాటు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. తరువాతి కాలంలో బౌద్ధమత ప్రభావంవల్ల నాలుగు కాళ్ళ జంతువులను తినడం దోషమనే భావన బలపడింది. చేపలకు ఆ అడ్డు లేదు. చేపల లెక్కలో చేరిన తిమింగలానికీ లేకపోయింది.

1606లో తైజి అనే రేవు గ్రామంలో వేటగాళ్ళు జట్లుగా ఏర్పడి బల్లేలతో వేట సాగించారు. 1670ల దశకంలో తిమింగలం చుట్టూ వలలు పన్ని, ఆపైన బల్లేలు విసిరే పద్ధతి వచ్చింది. ఒక తిమింగలం దొరికితే ఏడు ఊళ్ళు బాగుపడతాయని అక్కడ సామెత. దాని శరీరంలో పారవేసే భాగం దాదాపు ఉండేది కాదు. సుమారు 70 భాగాలను ఎట్లా వండాలో వివరిస్తూ 1832లో ఒక గ్రంథమే వెలువడింది. అదే సమయంలో ఆ జంతువుపట్ల భక్తి కూడ ఉండేది. చంపిన తల్లి గర్భంలో కనిపించిన పిల్లలను పూడ్చిపెట్టి, కయోయి గ్రామంలో 1692లో వాటికి సమాధి కట్టారు. వేటలో మనుష్యులకు కూడ ప్రమాదం తప్పేది కాదు. 1878లో పిల్లతో ఉన్న ఒక పెద్ద తిమింగలాన్ని తరుముతూ తుఫానులో చిక్కుకొని, తైజి వేటగాళ్ళు నూరుమందికి పైగా చనిపోయారు.

ఇది కొన్ని తీరగ్రామాల ఆచారం. దేశమంతటి ఆహారంగా అది మారడం ఇటీవలి కథ. నార్వే దేశస్థుడు స్వెన్ ఫాయిన్ 19వ శతాబ్దంలో, ప్రేలే మొన గల బల్లేన్ని ఫిరంగితో విసిరే సాధనాన్ని రూపొందించాడు. 1899 నుండి జపానువారు ఆ పద్ధతిని అవలంబించారు. 1934లో వారి ఓడలు దక్షిణధ్రువ సముద్రాలకు బయలుదేరాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి జపానులో తిండి కరువయింది. 1946లో అమెరికా సైనికాధిపతి మెకార్థర్ ఈ వేటకు తిరిగి అనుమతి ఇచ్చాడు. 1940ల చివరలో జపానువారు తిన్న మాంసంలో దాదాపు సగం తిమింగలానిదే. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలోకి కూడ అది వచ్చింది. 1962లో వాడకం 2 లక్షల టన్నులు దాటింది.

ఇంత వేటకు లెక్క ఎవరు చూడాలి? 1946 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి ఒక సంఘం ఏర్పడింది. అయితే అది అనుసరించిన కొలమానం నూనె వ్యాపారానిది: ఒక నీలి తిమింగలం రెండు ఫిన్ తిమింగలాలకు, ఆరు సెయి తిమింగలాలకు సమానం. ఏ జాతి ఎన్ని మిగిలాయన్నది ఆ లెక్కలో లేదు. ఒక్క వేటుకు ఎక్కువ లాభమిచ్చే నీలి తిమింగలంపైనే అందరూ పడ్డారు. 1960ల మధ్యనాటికి దాని వేటను దక్షిణధ్రువ సముద్రాలలో నిషేధించక తప్పలేదు.

జాతి నిలుస్తుందో లేదో తెలియాలంటే జంతువుల వయస్సు తెలియాలి. తిమింగలం చెవి రంధ్రంలో పేరుకొనే మైనపు బిరడాలో, చెట్టు మానులోని వలయాలవలె, పొరలుంటాయని 1955లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పర్వ్స్ చూపాడు. అవి లెక్కిస్తే వయస్సు తెలుస్తుంది. కాని ఆ బిరడా చచ్చిన తిమింగలంనుంచే లభిస్తుంది. చిక్కు ఇక్కడ మొదలయింది.

1982లో అంతర్జాతీయ సంఘం వ్యాపారవేటను ఆపివేయాలని నిర్ణయించింది; 1986 నుండి అది అమలులోకి వచ్చింది. అయితే పరిశోధనకోసం చంపడానికి ఒడంబడికలోని ఎనిమిదవ అధికరణం అనుమతి ఇస్తున్నది. అట్లా చంపినదానిని వృథా చేయకుండా వినియోగించాలని కూడ అదే చెబుతున్నది. జపాను 1987లో తిమింగల పరిశోధన సంస్థను స్థాపించి, దక్షిణధ్రువ సముద్రాలలో ఆ అధికరణం క్రింద వేట సాగించింది. కొలతలు ప్రయోగశాలకు, మాంసం అంగడికి చేరేవి. 2005లో వకయామా మండలంలోని బడి భోజనాలలో ఆ మాంసం మళ్ళీ కనిపించింది.

ఆస్ట్రేలియా దీనిపై అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 2005 నుండి సుమారు 3,600 మింకీ తిమింగలాలను చంపిన ఆ కార్యక్రమం శాస్త్రపరిశోధనార్థం జరుగుతున్నదని అంగీకరించలేమని 2014 మార్చి 31న న్యాయస్థానం తీర్పు చెప్పింది. పరిశోధనకోసం చంపడమే తప్పని అది అనలేదు. ఎన్ని చంపాలో నిర్ణయించిన లెక్కకు తగిన హేతువు చూపలేదనీ, చంపకుండా తెలుసుకొనే మార్గాలను సరిగా పరిశీలించలేదనీ ఆక్షేపించింది. 2019 జూన్ 30న జపాను ఆ సంఘంనుంచి తొలగి, మరునాటినుండి తన జలాలలోనే వ్యాపారవేట ప్రారంభించింది. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ తిమింగల మాంసపు వాడకం కొద్ది వేల టన్నులు మాత్రమే.

పూర్వపు ఆచారమని కొందరు, క్రూరమని కొందరు వాదిస్తారు. కాని తైజి గ్రామపు పడవలూ, ఫిరంగి ఓడలూ ఒకే సంప్రదాయం కావు. ఆకలితో ఉన్న దేశం తినడమూ, కడుపు నిండిన దేశం తినడమూ ఒకటి కాదు. చరిత్ర ఈ భేదాలను చూపగలదు. సముద్రంలో ఎన్ని మిగిలాయో చెప్పవలసినది మాత్రం శాస్త్రమే. ఆ లెక్క మాంసపు గిరాకీమీద ఆధారపడితే ప్రజలు దానిని నమ్మరు.

నేడు చర్మపు చిన్న ముక్కతో జన్యువులను పరీక్షించవచ్చు. తోక గుర్తులను ఛాయాచిత్రాలలో పోల్చవచ్చు. నీటిలో ధ్వనులను వినవచ్చు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తిమింగలాలకు రక్షణ కల్పిస్తున్నది. ఆంధ్ర తీరంలో అప్పుడప్పుడు చచ్చిన తిమింగలం ఒడ్డుకు కొట్టుకువస్తుంది. జనం చుట్టూ మూగి చూస్తారు. వారిలో ఒకరు వెంటనే అటవీశాఖకు కబురు చేస్తే, దాని పొడవు, జాతి, మరణకారణం నమోదవుతాయి. వేట అవసరం లేకుండానే లెక్కకు ఒక అంకె చేరుతుంది.