లిటిల్ ఇంగ్లాండ్ చెట్లు ఏ పంచాంగం చూశాయి?



పోయిన ఉగాదికి వేపపూత కోసుకొచ్చినప్పుడు ఆ చెట్టు ఫోటో ఒకటి మన సంఘం గుంపులో పెట్టాను. అది చూసి ఒక సభ్యులు అడిగారు: "ఇంగ్లాండులో ఒకే చెట్టును అన్ని కాలాల్లోనూ ఫోటో తీస్తారు. మన కేజీఎఫ్‌లో అలా తీస్తే ఏం తేడా కనబడుతుందండీ? ఇక్కడ ఉన్నదంతా ఎండాకాలమే కదా!" నాలుగు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే అది మన ఊరి చరిత్రే అయింది.

ఆ అలవాటు అక్కడ చాలా పాతది. ఫోటోగ్రఫీ పుట్టిన కొత్తలోనే, 1840ల మొదట్లో, విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే ఆయన తన ఊరు లాకాక్‌లో ఆకు రాలిన ఓక్ చెట్టును ఫోటో తీశారు. అక్కడ అక్టోబరు, నవంబరుల్లో ఆకు పండి రాలుతుంది. చలికాలమంతా మోడు. ఏప్రిల్ దాటాక చిగురు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ మన గనులు చేపట్టింది. దొరల బంగళాలు, క్లబ్బు, పూలతోటలు లేచాయి. సుమారు 850 మీటర్ల ఎత్తు కాబట్టి ఊరు చల్లన. దీన్ని లిటిల్ ఇంగ్లాండ్ అన్నారు. అయితే మన వీధుల్లో నీడనిచ్చే చెట్లను చూడండి. మే ఫ్లవర్ మడగాస్కర్‌ది. నిద్రగన్నేరు, జకరండా దక్షిణ అమెరికావి. వేప, కానుగ మనవే. ఇంగ్లాండు చెట్టు ఏదీ? పేరు మార్చారు గానీ పంచాంగం మార్చలేకపోయారు.

నమ్మకం లేకుంటే ఒక పని చేయండి. మీ ఇంటి దగ్గర కానుగ చెట్టు ఒకటి ఎంచుకుని, ఒకే చోట నిలబడి, పొద్దున ఏడు గంటలకు నెలకొక ఫోటో తీయండి. అక్టోబరులో ఇంగ్లాండు ఓక్ రాలుతుంటే మన కానుగ ముదురు పచ్చగా ఉంటుంది, ఎందుకంటే కోలారుకు మంచి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. మన ఆకురాలు కాలం శిశిరం, అంటే మాఘ ఫాల్గుణాలు. సరిగ్గా అప్పుడే శ్రీనివాసపురం వైపు మామిడితోటలు పూతమీద ఉంటాయి. ఉగాదికి కానుగ చిగురు అద్దంలా మెరుస్తుంది. మే నెల ఎండలో మే ఫ్లవర్ ఎర్రగా మండుతుంది. మనవి ఆరు ఋతువులు. కళ్ళు తెరిచి చూస్తే ఆరూ కనబడతాయి.

ఇక బాధ కలిగించే సంగతి. గని బంగారాన్నే కాదు, చెట్టునూ తిన్నది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చేదాకా గనులు ఆవిరి యంత్రాలతో నడిచాయి. వాటి బాయిలర్లకు బొగ్గు, కట్టెలు కావాలి. లోపల పైకప్పు కూలకుండా ఆసరాగా దుంగలు నిలపాలి. మన తాతలు ప్రాణాలు నమ్ముకున్నది ఆ దుంగలనే. ఏ గుట్టమీది చెట్టు ఏ సొరంగంలో నిలిచిందో లెక్క రాసిపెట్టినవారు ఎవరు?

తర్వాత వచ్చింది నీలగిరి చెట్టు. టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో, నంది కొండమీద మొదట నాటారంటారు. 2007 దాకా ఆ కొండ మన కోలారు జిల్లాలోదే. 1980లలో సామాజిక అడవుల పథకాలు వచ్చాక రాగి చేలల్లో కూడా నీలగిరి లేచింది. రైతును తప్పుపట్టలేం. కూలీ ఖర్చు తక్కువ, మేక ముట్టదు, కొట్టి అమ్మితే డబ్బు. కానీ జీవనది లేని జిల్లా మనది. బోర్లు ఎండుతుంటే అది నేలలోని తేమను పీల్చింది. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించింది.

నీలగిరి తోపును జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి ఫోటో తీశాను. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏ నెలదో నాకే తెలియలేదు. ఋతువు తెలియని చెట్టు కింద పల్లె పిల్లలకు ఋతువులు ఎలా నేర్పుతాం?

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. చాలామంది బెంగళూరుకో, ఇంకా దూరానికో వెళ్ళిపోయారు. చెట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వాటిలోనూ కొన్ని ప్రతి గాలివానకూ పడిపోతున్నాయి.

అందుకే ఒక మనవి. మీ ఇంట్లో పాత ఆల్బం తీయండి. మారికుప్పం, ఛాంపియన్ రీఫ్, ఊరగాం, ఆండర్సన్‌పేట... పెళ్ళి ఫోటో అయినా, బడి ఫోటో అయినా సరే. ముందు నిలబడ్డ మనుషులను కాసేపు పక్కన పెట్టి వెనకనున్న చెట్టును చూడండి. వీధి, సంవత్సరం, నెల రాసి గుంపులో పెట్టండి. ఆ చెట్టు ఇంకా ఉంటే అదే చోట నిలబడి మళ్ళీ ఫోటో తీద్దాం. లేకుంటే అక్కడ ఒక కానుగ నాటుదాం.

వచ్చే ఉగాదికి ఆ ఫోటోలన్నీ ఒకచోట చేర్చే పని నాది.