ఇంకేమీ ఇవ్వలేనివానికి కృతజ్ఞత



మన పల్లెల పిల్లలు చాలామంది ఇప్పుడు హైదరాబాదులో, వెంగళరావు నగర్ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకొని, ఫిల్మ్ నగర్‌లో సినిమా పనుల కోసం తిరుగుతున్నారు. ఎవరికి నమస్కారం పెట్టాలో, ఎవరి పుట్టినరోజుకు పూలదండ తీసుకెళ్లాలో అక్కడ త్వరగానే తెలిసిపోతుంది. వేషం ఇప్పించగలవానికే దండ. వారిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. కృతజ్ఞతార్పణ కవరు కానుకల పెట్టెలో వేస్తూ, "ప్రభువా, ఈసారి ఇంకొంచెం ఎక్కువ" అని మనమూ అనుకోమా? అది కృతజ్ఞత కాదు, వడ్డీకి ఇచ్చిన అప్పు.

ఆ పిల్లల్లో గోదావరి జిల్లాలవారు తమ ఊళ్లలో వేరొక దండను చూసి ఉంటారు. ఏటా మే 15న సర్ ఆర్థర్ కాటన్ విగ్రహానికి రైతులు వేసే దండ అది.

1833 ప్రాంతంలో ఆ సీమను ఘోరమైన కరువు పట్టింది. 1839లో తుపాను ముంచింది. 1821లో ఏడు లక్షలకు పైగా ఉన్న జిల్లా జనాభా ఇరవై ఏళ్లలో ఐదున్నర లక్షల దాకా పడిపోయింది. గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తూనే ఉంది. ఒడ్డున జనం ఆకలితో చచ్చిపోతున్నారు. ఆ నీటిని పొలాలకు మళ్లించవచ్చని కాటన్ దొర పైవారికి రాసి, పట్టుబట్టి ఒప్పించాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. కంపెనీవారు శిస్తు పెరుగుతుందని లెక్క చూసుకునే డబ్బు ఇచ్చారు. వారిని నేడు తలచేవారు లేరు. కాటన్‌ను మాత్రం జనం మరువలేదు.

ఆయన 1899లో ఇంగ్లాండులో కన్నుమూశాడు. ఆయన కట్టిన ఆనకట్ట కూడా పాతబడింది. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టారు. నేడు కాలువలకు నీరు వదిలేది ఆ కొత్త గేట్లే. అయినా దానికీ ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన ఆ రైతుల భాషవాడు కాడు, వారిలో చాలామందికి మతంవాడూ కాడు. దండ వేసినందుకు ఎకరానికి ఒక్క బస్తా ఎక్కువ పండదు, వేయకపోతే నీరు ఆగదు. అయినా వేస్తున్నారు. మేలు జరిగింది గనుక, అంతే.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు. తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడూ సమరయుడే. వాడు వచ్చేసరికే శరీరం శుద్ధమై ఉంది. రాని తొమ్మిదిమందికి రోగం తిరిగి అంటుకుందని అక్కడ రాయలేదు. కాబట్టి అతడు ఏదో పోగొట్టుకుంటానన్న భయంతో వచ్చినవాడు కాడు. పొందినది గుర్తుండి వచ్చాడు.

ప్రియులారా, ఒక మేలు మనకు అందిపోయాక, ఇక అడగవలసినది లేనప్పుడు, మనం ఎటు నడుస్తాం? మన కృతజ్ఞత ఏపాటిదో అక్కడ తేలుతుంది. ఈ వారం ఒక పని చేద్దాం. మనకు అక్షరాలు నేర్పి ఇప్పుడు మంచాన ఉన్న పంతులుగారినో, ఆకలినాడు అన్నం పెట్టి ఇప్పుడు తానే లేమిలో ఉన్న అత్తమ్మనో చూసి వద్దాం. రాత్రి ప్రార్థనలో ఒక్కపూట ఏమీ అడగకుండా, పొందిన మేళ్లు మాత్రమే ఒక్కొక్కటిగా చెప్పి, ఆమేన్ అందాం.