నిజామియా వేధశాల చుక్కల లెక్క

పరిశోధనమున తేలిన ఫలితమును ప్రకటించుట పండితుల కెప్పుడును ప్రియమే. ఆ ఫలితమునకు మూలమైన కొలతలను ఉన్నవి ఉన్నట్లుగా పరుల చేతికిచ్చుటకు మాత్రము అంతగా మనసొప్పదు. ఈ రెండవ పనిని, దానికొక పేరు పుట్టకముందే, ఉస్మానియా విశ్వవిద్యాలయము దశాబ్దముల తరబడి చేసెను.

1887లో పారిస్ వేధశాలాధిపతి యగు నౌకాసేనాని మూషే పిలుపున సమావేశమైన జ్యోతిశ్శాస్త్రవేత్తలు, ఆకాశము నంతటిని గాజు పలకలపై ఛాయాచిత్రములుగా తీసి, ఇంచుమించు పదునొకండవ తరగతి కాంతివరకు గల తారలను కొలిచి పట్టికలు వేయ నిశ్చయించి, అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు ఆకాశమును పట్టీలుగా కోసి పంచుకొనిరి. దక్షిణ క్రాంతి 17 మొదలు 23 భాగల పట్టీ చిలీ దేశపు సాంటియాగో వంతునకు వచ్చెను గాని, అచట పని సాగలేదు. అదియే హైదరాబాదు పాలబడెను.

ఇచటికి మొదట దూరదర్శినిని తెప్పించినది ప్రభుత్వము కాదు. నవాబు జఫర్ జంగు 1901లో ఫిసల్‌బండయందు స్వంత సొమ్ముతో వేధశాల నెలకొల్పగా, ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి, పిదప బేగంపేటకు తరలించెను. వేధశాలాధిపతి చాట్‌వుడ్ కాలము యంత్రముల నమర్చుటతోనే సరిపోయెను. 1914లో పోకాక్ అధిపతిగా వచ్చినపిదపనే పని ఊపందుకొనెను. 1918లో ఆయన గతింపగా టి. పి. భాస్కరన్ ఆ భారమును తలకెత్తుకొనెను. మరుసటి యేడు వేధశాల విశ్వవిద్యాలయమునకు చెందెను.

పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. పలక యొక్కటి రెండు భాగల నిడివి, రెండు భాగల వెడల్పు గల ఆకాశఖండము. దానిపై 5 మిల్లీమీటర్ల గళ్లు. ఒక మిల్లీమీటరు ఆకాశమున ఒక కళకు సమానము. సూక్ష్మదర్శినిలో కన్నుంచి, ఒక్కొక్క చుక్క ఏ గడిలో ఏ గీతకెంత యెడమున నున్నదో చూచి వ్రాసికొనుటయే ఉద్యోగము. క్రొత్త గ్రహము దొరకునన్న ఆశ లేదు. ఇట్టి పనికి ఏటేట డబ్బిచ్చుచు, ఆ అంకెలను అచ్చు వేయించుచు వచ్చిన ఆ ఓపికయే నాకు తారలకన్న వింతగా తోచును. దక్షిణపు పట్టీ ముగియకమునుపే, జర్మనీలోని పొట్స్‌డామ్ వదలిన ఉత్తరాకాశమున 36 మొదలు 39 భాగల ముక్కను సైతము ఇచటివారే చేపట్టిరి. ఏడున్నర లక్షలకు పైబడిన తారాస్థానములు పండ్రెండు సంపుటములుగా వెలువడెను.

ఈ సంపుటములందున్నవి సిద్ధమైన ఖగోళ స్థానములు కావు, పలకపై కొలిచిన ముడి అంకెలు. వానిని వాడదలచినవాడు తానే గణితము చేసికొనవలెను. అందుచే ఈ మహాకార్యమంతయు నిరర్థకమని విసుగుకొన్నవారును లేకపోలేదు. కాని ఆ ముడితనమే తుదకు మేలైనది. 1989లో నింగికెగసిన హిప్పార్కస్ ఉపగ్రహము శుద్ధతరమైన స్థానములు తెలుపగా, మాస్కోలోను వాషింగ్టనులోను పండితులు అన్ని వేధశాలల సంపుటములనుండి గణకయంత్రముల కెక్కిన అంకెలకు క్రొత్త ప్రమాణముతో గణితము తిరుగచేసి, 46 లక్షల తారల పట్టికను సిద్ధపరచిరి. తార ఆనాడున్న చోటికిని ఈనాడున్న చోటికిని గల భేదమే దాని చలనము. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని 25 లక్షల తారల చలనములకు ఆనాటి చోటు చెప్పిన సాక్షులలో బేగంపేట పలకలును కలవు.