నడుస్తున్న కెర్నల్‌లో మార్పు: మాడ్యూళ్ల చరిత్ర

విద్యార్థులారా, రాజుల చరిత్రకు శాసనాలు ఎటువంటి ఆధారమో, ఈ పాఠానికి ఒక సోర్సు ఫైలు అటువంటి ఆధారం. లినక్స్ కెర్నల్‌లో ‘కెప్రోబ్స్’ ఫైలును తెరిస్తే, మొదట్లోనే కొన్ని పేర్లు కనిపిస్తాయి. 2002 అక్టోబరులో దానికి తొలిరూపం ఇచ్చినవారు వంశీకృష్ణ ఎస్. 2004లో సవరించినవారు ప్రసన్న ఎస్. పంచముఖి. వీరిద్దరూ బెంగళూరులోని ఐ.బి.ఎం. లినక్స్ విభాగంలో పనిచేసినవారు. రామసముద్రంలో కూర్చుని ఇది చదువుతున్నవారికి హైదరాబాదు కంటే ఆ ఊరే దగ్గర.

అసలు మాడ్యూల్ ఎందుకు అవసరమయింది? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన కెర్నల్ అంతా ఒకే ముద్ద. కొత్త పరికరానికి డ్రైవర్ చేర్చాలంటే మొత్తం కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేసి, యంత్రాన్ని ఆపి, తిరిగి నడపాలి. 1992లో ఆండ్రూ టానెన్‌బామ్ ఈ నిర్మాణమే కాలం చెల్లినదని విమర్శించాడు. లినక్స్ తన నిర్మాణాన్ని వదులుకోలేదు. కానీ 1995 మార్చిలో 1.2 వెలువడేనాటికి, నడుస్తున్న కెర్నల్‌కు ముక్కలను తగిలించే ఏర్పాటు అందులో ఉంది. నా దృష్టిలో అది మంచి రాజీ.

పద్ధతి చూడండి. మీరు సి భాషలో రెండు ఫంక్షన్లు రాస్తారు: ఒకటి చేరేటప్పుడు, రెండోది వెళ్లేటప్పుడు నడుస్తుంది. మీ యంత్రంలోని కెర్నల్‌కు సరిపడే హెడర్ ఫైళ్లతో ‘మేక్’ చేస్తే, 2.6 కాలం నుంచి, ‘.కేఓ’ ఫైలు తయారవుతుంది. వేరే వెర్షన్‌కు కట్టినదైతే కెర్నల్ సాధారణంగా నిరాకరిస్తుంది. ‘ఇన్స్‌మాడ్’తో ఎక్కిస్తారు, ‘ఎల్ఎస్‌మాడ్’తో చూస్తారు, ‘ఆర్ఎంమాడ్’తో తీసేస్తారు.

ఎక్కించడం కంటే తీయడమే కష్టం. మాడ్యూల్‌కు కెర్నల్ అధికారాలన్నీ ఉంటాయి. దాని తప్పు యంత్రమంతటినీ పడగొట్టవచ్చు. అందుకే ఎవరైనా వాడుతుండగా తీయబోతే కెర్నల్ ఒప్పుకోదు. తీసివేతే లేకుండా కెర్నల్‌ను కట్టుకునే వీలు కూడా ఉంది.

కెప్రోబ్స్‌లో ఈ చిక్కు స్పష్టంగా తెలుస్తుంది. మీ మాడ్యూల్ కెర్నల్‌లోని ఒక ఆదేశాన్ని ఎంచుకుంటుంది. కెర్నల్ ఆ ఆదేశాన్ని భద్రపరచి, దాని చోట బ్రేక్‌పాయింట్ పెడుతుంది. అమలు అక్కడికి చేరగానే మీ ఫంక్షన్ నడిచి, తర్వాత అసలు ఆదేశం నడుస్తుంది. వెళ్లేటప్పుడు ప్రోబ్‌ను రద్దు చేయడం మరిచారనుకోండి, మాడ్యూల్ మెమరీ ఖాళీ అయిపోయినా బ్రేక్‌పాయింట్ మిగిలే ఉంటుంది. తర్వాతిసారి అమలు అక్కడికి వచ్చినప్పుడు లేని ఫంక్షన్‌ను పిలుస్తుంది. నిర్వాహకుడు యంత్రాన్ని ఆపకుండా దోషం వెతకాలని మొదలుపెట్టిన పని, యంత్రం ఆగిపోవడంతో ముగుస్తుంది.

2004 అక్టోబరులో వచ్చిన 2.6.9లో కెప్రోబ్స్ ప్రధాన కెర్నల్‌లో చేరింది. 2005లో మొదలైన సిస్టమ్‌ట్యాప్ దీనిమీదే ఆధారపడింది: మీ చిన్న స్క్రిప్టును తానే సి భాషలోకి మార్చి, మాడ్యూల్‌గా కట్టి, ఎక్కించి, పని అయ్యాక తీసేస్తుంది.

అదే ఫైలులో మరో పేరు సుపర్ణ భట్టాచార్య. 2004 జూలైలో ఆమె చేర్చిన ‘జంపర్ ప్రోబ్’ సదుపాయాన్ని 2018లో కెర్నల్ నుంచి తొలగించారు. ఆ కోడు ఇప్పుడు లేదు. ఆమె చేర్చినట్టు చెప్పే పంక్తి మాత్రం ఫైలు మొదట్లో అలాగే ఉంది.